సుంకి ఎక్కేలోగా మణికట్టు మీద మూడు వేళ్లు

సాలూరు కాంప్లెక్స్‌లో కొరాపుట్ బస్సు ఎక్కినప్పుడు అందరూ బాగానే ఉంటారు. కిటికీ పక్క సీటు కోసం తగువులు, వేరుశెనగ పొట్లాలు, ఫోన్లలో పాటలు. పి.కోనవలస దాటి ఘాట్ మొదలయ్యాక నాలుగో మలుపుకో ఐదో మలుపుకో మాటలు తగ్గుతాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు కండక్టర్ని కవరు అడుగుతారు. ఒకప్పుడు 43వ నంబరు, ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారి ఇది. ఈ రోడ్డు పుణ్యమా అని సాలూరు లారీల ఊరైంది. ఈ రోడ్డు పాపమా అని ఎన్ని నిమ్మకాయలు ముక్కు దగ్గర నలిగిపోయాయో లెక్కలేదు.

ఒకసారి నా ముందు సీట్లో పన్నెండేళ్ల పిల్ల, పక్కన వాళ్ల పిన్ని. పిల్ల మొహం తెల్లబడింది, నుదుటి మీద చెమట. "ఏటే, తిరుగుతున్నాదా? చెయ్యిలాగియ్యి" అని పిన్ని దాని ఎడమ చేయి లాక్కుని, మణికట్టుకి కాస్త పైన బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుంది. ఇదేం వైద్యమని అడిగితే, సెల్లులో చూశానని, కొరియావాళ్లు ఇంట్లోనే చేసుకుంటారని చెప్పింది. ఘాట్ మీదున్న సుంకి ఊరు వచ్చేసరికి పిల్ల తేరుకుంది. పిన్ని నావైపు గెలిచినట్టు చూసింది.

నాకు రెండు అనుమానాలు మిగిలాయి. అదే బస్సులో, అవే మలుపుల్లో డ్రైవరుకు ఎందుకు ఏమీ కాదు? కడుపులో తిప్పితే మణికట్టు నొక్కడమేమిటి? రెండోదానికి జవాబు కావాలంటే మొదటిదాని గుండానే వెళ్లాలి.

ఇద్దరు సాక్షులు, రెండు సాక్ష్యాలు

కడుపు తిప్పుతోంది అంటాం గానీ తగువు కడుపులో పుట్టదు, చెవిలో పుడుతుంది. మాటలు వినిపించే భాగానికి ఆనుకుని చెవి లోపల, విరిగిన చేతిగాజు ముక్కల్లా వంపు తిరిగిన మూడు సన్నటి గొట్టాలున్నాయి. వాటి నిండా ద్రవం. నీళ్లున్న చెంబును గిర్రున తిప్పి చూడండి. చెంబు తిరుగుతుంది, నీళ్లు మొదట కదలవు. చెంబు ఆపేస్తే నీళ్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. తల తిరిగినప్పుడు ఆ గొట్టాల్లో జరిగేదీ ఇదే. ద్రవం ఎంత వెనకబడిందో అక్కడున్న మెత్తటి తెర పసిగట్టి మెదడుకు కబురు పంపుతుంది. పక్కనే జిగురు పొర మీద సున్నపు నలుసులు పరిచి ఉంటాయి. బస్సు ఎక్కుతోందా, దిగుతోందా, ఒరుగుతోందా అన్నది ఆ నలుసులు జారే తీరు చెబుతుంది.

ఇప్పుడు ఘాట్‌లో ఆ పిల్లను చూడండి. చెవి అంటోంది: ఎడమకు తిరిగాం, ఒరిగాం, ఎక్కుతున్నాం. కళ్లు ముందు సీటు వీపుకో, ఫోనుకో అతుక్కుని ఉన్నాయి. అవి అంటున్నాయి: ఏమీ కదలడం లేదు. పంచాయతీలో ఒకే సంగతికి ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెబితే పెద్దమనిషి తల పట్టుకుంటాడు. మెదడు కూడా అంతే.

సరే, తల పట్టుకుంటే సరిపోయేది, వాంతి ఎందుకు? దీనికి మిషెల్ ట్రైస్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఒక ఊహ చెప్పాడు. మనిషి బస్సెక్కి వందేళ్లే అయింది గానీ, విషపు కాయలు తినడం లక్షల ఏళ్ల నాటి అలవాటు. ఉమ్మెత్త గింజలు తిన్నవాడికి కళ్లొకటి చెబుతాయి, ఒళ్లొకటి చెబుతుంది. కాబట్టి సాక్ష్యాలు కలవకపోతే 'లోపల విషం ఉంది, కక్కించేయ్' అన్నది మెదడు పాత చట్టం. ఇది ఊహే, రుజువైన సంగతి కాదు. కానీ కొండల్లో జీలుగు కల్లు తాగేవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. సారా అయినా కల్లు అయినా మోతాదు మించితే రక్తంలోంచి ఆ చెవి గొట్టాల్లోకి చేరి, తెర బరువుకూ ద్రవం బరువుకూ ఉన్న పొత్తు చెడగొడుతుంది. మంచం మీద కదలకుండా పడుకున్నా ఇల్లు తిరుగుతుంది, ఆ వెంటనే వాంతి.

అమెరికా శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1882లో బధిరులను పరిశీలించాడు. చెవి లోపలి ఈ గొట్టాలు దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి ఎంత తిప్పినా కళ్లు తిరగవని గమనించాడు. ఒక సాక్షి నోరు మూతబడితే తగువే లేదు కదా. రెండేళ్లలోపు పిల్లలకు బస్సు పడకపోవడం అరుదు. ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య అది ఎక్కువ. పన్నెండేళ్ల ఆ పిల్ల సరిగ్గా చిక్కే వయసులో చిక్కింది.

ఇక డ్రైవరు. మన చేత్తో మనమే చక్కిలిగిలి పెట్టుకుంటే నవ్వు రాదు. వేలు ఎప్పుడు ఎక్కడ తాకబోతోందో మెదడుకు ముందే తెలుసు కాబట్టి ఆ కబురును అది పట్టించుకోదు. స్టీరింగు పట్టుకున్నవాడికి ప్రతి మలుపూ ముందే తెలుసు. కళ్లు రోడ్డు మీద, చేతులు స్టీరింగు మీద, ఒళ్లు ముందే మలుపు వైపు ఒరిగి ఉంటుంది. చెవి చెప్పేది, మెదడు అనుకున్నది ఒకటే అవుతాయి. ఏళ్ల తరబడి ఇదే ఘాట్‌లో లారీ తోలిన ఒకాయన బస్సు వెనక సీట్లో కూర్చోవలసి వచ్చి, "ముందర సీటిప్పించండి బాబూ, స్టీరింగు లేకపోతే నాకూ తిరుగుతాది" అని కండక్టర్ని బతిమాలుకోవడం నేను విన్నాను. అనుభవం ఒంట్లో లేదు, చేతిలోని స్టీరింగులో ఉంది.

> ఘాట్ ఎక్కేముందు
>
> అన్నిటికన్నా గట్టి మందు సీటు. ముందు వరసలో కూర్చుని దూరంగా కనబడే కొండ అంచు మీద చూపు నిలిపితే కళ్లూ చెవీ ఒకే సాక్ష్యం చెబుతాయి. ఫోను లోపల పెట్టాలి. తల సీటుకు ఆనించాలి. సుమారు ఐదు సెకన్లకు ఒకసారి వచ్చే నిదానపు ఊపు అన్నిటికన్నా ఎక్కువ తిప్పుతుందని పరీక్షల్లో తేలింది. మలుపుల్లో ఒళ్లు అటూ ఇటూ ఊగే వేగం దానికి దగ్గరగా ఉంటుంది. పొట్ట పగిలేలా తినీ ఎక్కకూడదు, ఖాళీ కడుపుతోనూ ఎక్కకూడదు. వాంతుల మాత్ర వేసుకోవాలనుకుంటే బయల్దేరే ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అదీ కవర్లోకే పోతుంది. ఈ మాత్రలు నిద్ర తెప్పిస్తాయి. కాబట్టి బండి నడిపేవాళ్లు వాటి జోలికి పోకూడదు.

లోపలి ద్వారం

పిన్ని నొక్కిన చోటుకు కొరియాలో 'నేగ్వాన్' అని పేరు. చైనా వాళ్లు ఆ అక్షరాలనే 'నైగువాన్' అని పలుకుతారు. అర్థం రెండు చోట్లా ఒకటే: లోపలి ద్వారం. కొండల మధ్య కనుమ దారికి, కాపలా గడికి వాడే అక్షరమే ఇందులోనూ ఉంది. మన ఘాట్ రోడ్డులో నొక్కుకునే చోటుకు ఇంతకంటే తగిన పేరు దొరకదు.

దాన్ని కనుక్కునే పద్ధతి చూస్తే మన అమ్మమ్మలు గుర్తొస్తారు. అంగుళం, బెత్తెడు, జాన, మూర అని మనం ఒంటితోనే కొలిచేవాళ్లం. అక్కడా అంతే. బొటనవేలి వెడల్పు ఒక కొలత, మూడు వేళ్లు కలిపితే రెండు కొలతలు, నాలుగు వేళ్లకు మూడు. మణికట్టు గీత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల వెడల్పు పైన, మధ్యలో కనిపించే రెండు నరాల్లాంటి తాళ్ల నడుమ ఉంటుంది ఈ చోటు. ఇందులో ఒక మెలిక ఉంది. వేళ్లు ఎవరి చేయి నొక్కుతున్నామో వాళ్లవి కావాలి. పొడుగు మనిషికి పొడుగు కొలత, పిల్లకు పిల్ల కొలత. పిన్ని తన వేళ్లతో కొలిచింది. అంటే ఆ పిల్ల చేతి మీద అసలు చోటు కంటే పైకి జరిగి నొక్కింది. అయినా పిల్ల తేరుకుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

కొరియాలో ఈ వైద్యానికి పెద్ద గ్రంథం 'తొంగి బొగమ్'. రాజవైద్యుడు హో జున్ దీన్ని 1596లో రాజాజ్ఞ మీద మొదలుపెట్టి 1610లో ముగించాడు. 1613లో అచ్చయింది, మొత్తం 25 సంపుటాలు. 2009లో యునెస్కో దీన్ని ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది. నాకు నచ్చింది దాని పెద్దరికం కాదు, దాని ఉద్దేశం. జపాన్‌తో యుద్ధంలో చితికిపోయిన దేశంలో, వైద్యుడు దొరకని మారుమూల పల్లెల్లో చేతికందే మూలికలతో జనం తమను తాము చూసుకోవాలని మూలికలకు పండితుల భాషలో పేర్లతో పాటు ఊరి పేర్లూ రాశారు. డాక్టరు దూరంగా, చెట్టు దగ్గరగా ఉన్న చోటు ఎలా ఉంటుందో సాలూరు కొండలవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పటికీ కొరియా ఇళ్లలో తిన్నది అరక్క పొట్ట పట్టేస్తే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండను గట్టిగా నొక్కి, వీపు నిమురుతారు. ఆ కండకు 'హప్కోక్' అని పేరు, కలిసే లోయ అని అర్థం. కొందరు బొటనవేలి గోరు పక్కన సూదితో గుచ్చి నల్లటి రక్తం చుక్క కూడా తీస్తారు. మనం వాము నమిలించి, బొడ్డు చుట్టూ ఆముదం రాసి వెన్ను నిమిరినట్టే. సూది ఒక్కటి మాత్రం అనుకరించకండి. గోరు మూల చీము పడితే అరుగుదల సంగతి మరిచిపోతారు.

అక్కడ ఇదంతా పెరటి వైద్యంగానే ఆగిపోలేదు. 1951 నాటి చట్టంతో సంప్రదాయ వైద్యులకు వేరే లైసెన్సు వచ్చింది. 1987 నుంచి ఆ వైద్యం దేశ ఆరోగ్య బీమాలోకీ చేరింది. మన దేశంలోకి సూదుల వైద్యం వచ్చిన దారి వేరు. 1938లో చైనాకు వెళ్లిన భారత వైద్య బృందంలో కొట్నీస్ పేరు అందరికీ తెలుసు. అదే బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్లీ చైనా వెళ్లి నేర్చుకుని వచ్చి 1959లో కలకత్తాలో ఆక్యుపంక్చర్ మొదలుపెట్టారు. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా గుర్తించింది. సూది లేకుండా వేలితో నొక్కితే ఆక్యుప్రెషర్.

గీసిన కాలువలు, దొరకని కాలువలు

పాత గ్రంథాల లెక్క ప్రకారం ఒంట్లో 'గి' అనే ప్రాణశక్తి కాలువల్లో పారుతుంది. కాలువలో పూడిక పడితే జబ్బు, ఒడ్డున సరైన చోట నొక్కితే పూడిక కదులుతుంది. రైతు దేశాల్లో పుట్టిన బొమ్మ ఇది, అందంగానే ఉంది. చిక్కేమిటంటే, శవం కోసి చూసినప్పుడు రక్తనాళాలు కనిపించాయి, నరాలు కనిపించాయి, ఈ కాలువలు మాత్రం కనిపించలేదు.

వెతకలేదని కాదు. ఉత్తర కొరియాలో కిమ్ బొంగ్ హాన్ అనే శాస్త్రవేత్త 1960ల మొదట్లో వాటిని కనుక్కున్నానని ప్రకటించాడు. సన్నటి గొట్టాలను చూపించాడు, ప్రభుత్వం ఆకాశానికెత్తింది. ఆ దశాబ్దం సగం దాటేసరికి ఆయన పేరు వినిపించడం మానేసింది, ఆయన సంస్థా మూతబడింది. నలభై ఏళ్ల తర్వాత దక్షిణ కొరియాలో సియోల్ జాతీయ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త సో క్వాంగ్ సప్ ఆ దారాన్ని మళ్లీ పట్టుకుని పరిశోధనలు చేశాడు. ఆయన చూపించిన సన్నటి తీగలు నిజంగా ఏమిటన్నదాని మీద వైద్యలోకం ఇంకా ఒక మాటకు రాలేదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నొక్కే చోట్లు మొత్తం 361 అంటారు. చైనా, జపాన్, కొరియా నిపుణులను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకచోట కూర్చోబెట్టి, ఏ చోటు ఎక్కడో ఖాయం చేయమంటే, 92 చోట్ల దగ్గర ముగ్గురూ మూడు మాటలన్నారు. ఏళ్ల తరబడి వాదించుకుని 86 దగ్గర ఒక మాటకు వచ్చారు. 2008లో పుస్తకం అచ్చయ్యేనాటికి కూడా 6 చోట్ల మీద తగువు తెగలేదు. వందల ఏళ్లుగా మూడు దేశాలవాళ్లూ తమ తమ చోట్ల నొక్కుతున్నారు, మూడు దేశాల రోగులూ హాయిగా ఉందంటున్నారు. అంటే చోటు మనం అనుకున్నంత సూదిమొనంత ఇరుకైనది కాకపోవచ్చు. లేదా పనిచేస్తున్నది చోటు ఒక్కటే కాకపోవచ్చు.

నొక్కు ఎటు పోతుంది

కాలువ లేకపోయినా ఆ మణికట్టు కింద ఖాళీ ఏమీ లేదు. ఆ రెండు తాళ్ల నడుమ, చర్మానికి కాస్త లోతులో ఒక పెద్ద నరం ఉంది. బొటనవేలికీ దాని పక్క వేళ్లకూ స్పర్శ తెచ్చే నరం అదే. బయట కనిపించే తాళ్లు నిజానికి కండరాలను ఎముకకు కట్టే స్నాయువులు. వాటిలో ఒకటి కొంతమందికి పుట్టుకతోనే ఉండదు. మీకు ఒకటే కనిపిస్తే కంగారు పడకండి, అది లోపం కాదు.

నొక్కినప్పుడు కబురు ఆ నరం వెంట భుజం దాకా, అక్కణ్నుంచి వెన్నుపాములోకి, అక్కణ్నుంచి మెదడు కింది కాడలోకి ఎక్కుతుంది. ఆ కాడలోనే వాంతిని నడిపించే గూడు ఉంది. చెవి నుంచి, కడుపు నుంచి, రక్తంలోని విషాల నుంచి వచ్చే కబుర్లన్నీ అక్కడే కలుస్తాయి. మణికట్టు నుంచి వచ్చిన కబురు అక్కడికి చేరి ఆ గోలను కొంత తగ్గిస్తుందన్నది పరిశోధకుల అంచనా. దారి ఉందన్నది ఖాయం. ఆ దారిలో ఏ బండి ఎంత సరుకు మోసుకెళ్తోందో ఇంకా పూర్తిగా తూచలేదు.

నొప్పి విషయంలో దారి ఇంకాస్త స్పష్టంగా తెలుసు. మోచేయి గడపకు తగిలితే ఏం చేస్తాం? ఎవరూ నేర్పకుండానే రుద్దుకుంటాం. రొనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ అనే ఇద్దరు 1965లో దీనికి కారణం చెప్పారు. వెన్నుపాములో రైల్వే గేటు లాంటిది ఉంది. తాకిడిని మోసే నరాలు లావు, వాటిలో కబురు వేగంగా పోతుంది. మంటలాంటి నొప్పిని మోసే నరాలు సన్నం, వాటిలో కబురు నిదానం. రుద్దినప్పుడు లావు నరాల కబుర్లు ముందొచ్చి గేటు వేయించేస్తాయి. నొప్పి కబురు అవతలే ఆగిపోతుంది, పూర్తిగా కాకపోయినా సగం. రుద్దడం మానేస్తే గేటు మళ్లీ లేస్తుంది. అందుకే దెబ్బ తగిలిన పిల్లాడు అమ్మ చేయి తీసేసిన మరుక్షణం మళ్లీ ఏడుపు అందుకుంటాడు.

కళ్లలో నీళ్లు తిరిగేలా గట్టిగా నొక్కితే ఇంకో దారి తెరుచుకుంటుంది. ఒకచోట నొప్పి పెడితే మెదడు కాడ ఒళ్లంతా ఉన్న మిగతా నొప్పుల గొంతు తగ్గిస్తుంది. ఫ్రాన్స్ పరిశోధకులు 1979లో ఎలుకల్లో దీన్ని చూపించారు. దీనికి తోడు 1975లో బయటపడిన, మన ఒళ్లే తయారుచేసుకునే నల్లమందు లాంటి రసాయనాలు. తలనొప్పికి హప్కోక్ కండను పిసికినప్పుడు వచ్చే ఉపశమనంలో వీటన్నిటికీ తలో వాటా ఉండి ఉంటుంది.

ఇక్కడ ఒకటి గమనించండి. గేటు పడినా, గొంతు తగ్గినా, మోచేతి మీద వాపు అలాగే ఉంది. నొక్కు పనిచేస్తున్నది జబ్బు మీద కాదు, అది చేసే గోల మీద.

తక్కెట్లో పెడితే

ఆ రోజు పిల్ల ఎందుకు తేరుకుంది? పిన్ని నొక్కినందువల్ల కావచ్చు. పిన్ని చేయి పట్టుకుందన్న ధైర్యం కావచ్చు. నొక్కుతున్నంతసేపూ పిల్ల ఫోను చూడలేదు, అదీ కావచ్చు. సుంకి వచ్చేసరికి మలుపులే అయిపోయాయి, అసలు కారణం అదే కావచ్చు. ఒక పిల్ల, ఒక బస్సు చూసి వీటిని విడదీయలేం. అందుకే వైద్య పరీక్షల్లో జనాన్ని రెండు గుంపులు చేసి, ఒకరికి సరైన చోట, ఇంకొకరికి కావాలనే తప్పు చోట నొక్కుతారు. ఎవరికి ఏది చేశారో వాళ్లకు చెప్పరు.

ఈ మణికట్టు చోటుకు ఆసుపత్రి పరీక్షలు తెచ్చింది బెల్ఫాస్ట్‌కు చెందిన మత్తు డాక్టరు జాన్ డండీ, 1980లలో. ఆపరేషన్ తర్వాత మత్తు దిగేటప్పుడు వచ్చే వాంతుల మీద ఆయన దృష్టి. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఎంతోమంది చేశారు. వాటన్నిటినీ కుప్పపోసి చూసే కోక్రేన్ సమీక్ష 2015లో 59 పరీక్షలు, 7,667 మందిని లెక్కలోకి తీసుకుంది. ఉత్తుత్తి వైద్యం గుంపులో 30 మందికి వికారం వచ్చే చోట, సరైన చోటు గుంపులో సుమారు 20 మందికి వచ్చింది. వాంతుల మందులతో పోల్చినా పెద్ద తేడా లేదు. తీసిపారేయాల్సిన ఫలితం కాదు ఇది. అయితే వికారం, వాంతుల విషయంలో ఆ సాక్ష్యం నాణ్యత తక్కువేనని ఆ సమీక్షే చెప్పింది.

మరి ఘాట్ రోడ్డు తిప్పుడుకు? తిరిగే కుర్చీల్లో, గిర్రున తిప్పే చారల డోళ్లలో జనాన్ని కూర్చోబెట్టి చూసిన పరీక్షలు రెండు రకాలుగా వచ్చాయి. కొన్నిట్లో కొంత మేలు కనిపించింది, కొన్నిట్లో మణికట్టు పట్టీ కట్టినా కట్టకపోయినా ఒకటే అయింది. కాబట్టి ముందు సీటు ఇప్పించడం మణికట్టు నొక్కడం కన్నా నికరమైన వైద్యం. ముందు సీటు దొరకనప్పుడు ఎలాగూ మణికట్టు ఉంది.

నొప్పి మీద చేసిన ఒక పరీక్ష ఇంకా ఆసక్తికరం. 2007లో ప్రచురించారు, జర్మనీలో 1,162 మంది నడుంనొప్పి రోగుల మీద చేశారు. ఇది సూదుల పరీక్ష, వేళ్లది కాదు. సరైన చోట్ల సూదులు గుచ్చినవారిలో 47.6 శాతం మందికి మేలు కనిపించింది. చోట్లు కాని చోట్ల పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం. మందులు, వ్యాయామం వంటి మామూలు వైద్యం తీసుకున్నవారిలో 27.4 శాతం. సరైన చోటుకూ తప్పు చోటుకూ తేడా అత్యల్పం, కానీ రెండూ మామూలు వైద్యం కన్నా మెరుగు. నమ్మేవాళ్లు ఇందులో చివరి అంకె చూసి సంబరపడతారు, నమ్మనివాళ్లు మొదటి రెండూ చూసి నవ్వుతారు. నాకైతే మూడూ కలిపే చదవాలనిపిస్తుంది. కొలత తప్పిన పిన్ని వేలు కూడా పిల్లకు ఊరటనిచ్చింది. ఒళ్లు ముట్టుకోవడం, ఒక మనిషి కాసేపు మన మీదే మనసు పెట్టడం, తగ్గుతుందన్న నమ్మకం, ఇవి కూడా అవే నరాల గుండా అదే మెదడుకు చేరే కబుర్లు. అబద్ధపు ఊరట అని వీటిని కొట్టిపారేయలేం. అలాగని వీటిని కాలువల్లో పారే శక్తికి రుజువుగానూ చూపించలేం.

తల ఎక్కడ? బొటనవేలా, నడిమి వేలా?

ఊళ్లలో ఎగ్జిబిషన్లు పెట్టినప్పుడు ముళ్ల ముళ్ల ఉంగరాలు, చెక్క రోలర్లు అమ్మే దుకాణం ఒకటి తప్పకుండా ఉంటుంది. వేళ్ల మీద ప్లాస్టరుతో మెంతిగింజలు అంటించే వైద్యమూ తెలుగునాట తెలిసిందే. దాని పేరు 'సు జోక్', కొరియా భాషలో చేయీ పాదమూ అని అర్థం. పార్క్ జే వూ అనే కొరియా ఆయన 1980లలో ప్రచారంలోకి తెచ్చాడు. అరచేయి మొత్తం ఒక చిన్న మనిషి అంటాడాయన. బొటనవేలు తల, చూపుడువేలూ చిటికెనవేలూ చేతులు, మధ్యలో రెండు వేళ్లు కాళ్లు. తలనొస్తే బొటనవేలి కొసన నొక్కాలి.

దానికి కొన్నేళ్ల ముందే, 1971లో, యూ తే వూ అనే మరో కొరియా ఆయన చేతి వైద్యం ఇంకోటి మొదలుపెట్టాడు. ఆయన పటంలోనూ అరచేతిలో ఒక మనిషి ఉన్నాడు. కానీ ఆ మనిషికి తల నడిమి వేలి కొసన ఉంది. బొటనవేలూ చిటికెనవేలూ కాళ్లు! ఒకే దేశం, ఒకే తరం, ఒకే అరచేయి, తల మాత్రం రెండు చోట్ల. ఇద్దరి శిష్యులూ తలనొప్పి తగ్గిందనే చెబుతారు. పటం చూసి నొక్కితే తగ్గిందా, ఊరికే నొక్కితే తగ్గిందా అన్న ప్రశ్నకు ఇంతకు మించిన జవాబు నాకు ఎక్కడా దొరకలేదు.

మన వైపు నుంచి ఒక చిన్న ముచ్చట. కొరియావాళ్లు నొక్కే హప్కోక్ ఉన్న చోటే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, సుశ్రుతుడు 'క్షిప్రం' అనే మర్మస్థానం చెప్పాడు. ఆయన లెక్కలో మర్మాలు 107. ఇప్పుడు మర్మ చికిత్స పేరుతో వాటిని నొక్కుతున్నారు గానీ, శస్త్రవైద్యుడైన సుశ్రుతుడు అవి చెప్పింది నొక్కమని కాదు, కత్తి తగలకుండా చూసుకోమని. క్షిప్రానికి గాయమైతే ఒళ్లు కొంకర్లు పోయి చనిపోతారని రాశాడు. ఇనుము గుచ్చుకున్న గాయం, ఆపై కొంకర్లు అనగానే ఇవాళ్టి డాక్టరుకు ధనుర్వాతం గుర్తొస్తుంది.

> మణికట్టు నొక్కుకునే తీరు
>
> అరచేయి పైకి పెట్టి, రెండో చేతి మూడు వేళ్లు మణికట్టు గీత మీద ఆనించండి. మూడో వేలి అంచు దగ్గర, రెండు తాళ్ల నడుమ బొటనవేలు పెట్టి, నిదానంగా ఊపిరి తీసుకుంటూ రెండు మూడు నిమిషాలు చిన్నగా గుండ్రంగా తిప్పుతూ నొక్కండి. తర్వాత రెండో చేయి. నొక్కినట్టు తెలియాలి, చేయి తిమ్మిరెక్కకూడదు. ఘాట్ మొదలయ్యే ముందే మొదలుపెడితే మంచిది. గోళ్లు కత్తిరించుకోండి. పుండు, వాపు, బెణుకు, కొత్త కుట్లు ఉన్నచోట నొక్కకూడదు. షుగర్ వల్ల స్పర్శ పోయిన కాళ్లను గట్టిగా రుద్దకూడదు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ జాగ్రత్తగా ఉండాలి. ఒక కాలే వాచి, నొప్పిగా వెచ్చగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, దాన్ని అసలు పిసకకూడదు. గర్భిణులు హప్కోక్ నొక్కకూడదన్నది కొరియా వైద్యుల పాత నియమం. అది పాటిస్తే పోయేదేమీ లేదు.

కొండ మీది జ్వరం

ఇదంతా సాలూరు గురించే ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడ వాంతికి ఘాట్ రోడ్డు ఒక్కటే కారణం కాదు. వానలు పడ్డాక కొండ పల్లెల్లో తలనొప్పి, వాంతి, వణుకు అంటే ముందు గుర్తుకు రావలసింది మలేరియా. మలేరియా పురుగు ఎర్ర రక్తకణాల్లో దూరి, పెరిగి, వాటిని పగలగొట్టుకుని బయటకొస్తుంది. అప్పుడు వచ్చే తలనొప్పిని హప్కోక్ నొక్కి అరగంట తగ్గించవచ్చు. వికారాన్ని మణికట్టు నొక్కి కాసేపు ఆపవచ్చు. గోల తగ్గుతుంది, పురుగుల సంఖ్య తగ్గదు. ఈ కొండల్లో కనిపించే ఫాల్సిపారం రకం మెదడుకెక్కితే ఒకటి రెండు రోజుల్లో మనిషి స్పృహ తప్పవచ్చు. ఆ ఒకటి రెండు రోజులూ 'కొంచెం నయంగానే ఉంది' అని ఇంట్లో నొక్కుకుంటూ కూర్చోవడమే ప్రమాదం. వేలి కొసన సూదితో గుచ్చి చుక్క రక్తం తీయాలంటే ఆశా కార్యకర్త దగ్గరకే వెళ్లండి. ఆ చుక్కను ఆమె పరీక్ష పట్టీ మీద వేస్తే పదిహేను ఇరవై నిమిషాల్లో మలేరియా ఉందో లేదో తేలుతుంది.

తూర్పు దేశాల పాత వైద్యం మన్యానికి నిజంగా ఇచ్చినది ఒకటుంది, అది వేలితో నొక్కేది కాదు. సూదులతో పాటు కొరియా, చైనా వైద్యులు ఎండబెట్టిన ఆకు ఉండ కాల్చి ఈ చోట్లకు వేడి తగిలించేవాళ్లు. జపాన్ కవి బషో 1689లో కాలినడకన ఉత్తరాది యాత్రకు బయల్దేరే ముందు మోకాలి కింద ఆ వేడే పట్టించుకున్నాడు. ఆ ఆకు మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రికి దగ్గరి చుట్టం. ఆ కుటుంబంలోదే ఇంకో మొక్క జ్వరానికి పనికొస్తుందని నాలుగో శతాబ్దపు చైనా గ్రంథంలో ఉన్న మాట పట్టుకుని, తూ యూయూ అనే శాస్త్రవేత్త 1970ల మొదట్లో దాన్నుంచి మందు వేరు చేసింది. ఎలుకల మీద, కోతుల మీద పరీక్షించి, మనుషుల్లో ముందు తన మీదే పరీక్షించుకుని, ఆ తర్వాత రోగులకు ఇచ్చింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఆ మందు కుటుంబానికి చెందిన మాత్రలే ఇవాళ ఆరోగ్య కేంద్రాల్లో ఫాల్సిపారం మలేరియాకు ఇస్తున్నారు. మాచిపత్రి నమిలితే మాత్రం మలేరియా పోదు, మొక్క వేరు.

మలేరియా ఒక్కటే కాదు. వాంతితో పాటు గుండెలో బరువు, ఎడమ చేతిలోకి లాగే నొప్పి, చెమటలు ఉంటే అది అజీర్ణం కాకపోవచ్చు, గుండె కావచ్చు. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగిన నొప్పి అపెండిక్స్ కావచ్చు. విరేచనాలతో వాంతులయ్యే పసిపిల్లకు కావలసింది ఓఆర్‌ఎస్ నీళ్లు, చెంచాతో కొంచెం కొంచెంగా. పాము కరిచిన కాలును నొక్కడం, పిసకడం, కట్టడం ఏదీ పనికిరాదు. కాలు కదలనివ్వకుండా ఆసుపత్రికి మోసుకెళ్లాలి.

రోడ్డు లేని గూడేల నుంచి ఇప్పటికీ రోగిని డోలీలోనే దించుతున్నారు. ఇద్దరు మోస్తారు, ఒకరు పక్కన నడుస్తారు. కుదుపులకు లోపలి మనిషికి వికారం రావడం సహజం. పక్కన నడిచే మనిషి ఆ చేయి పట్టుకుని, మూడు వేళ్లు కొలిచి, నడుస్తూనే నొక్కవచ్చు. అందుకోసం డోలీ దించవద్దు.